కారు ఇంజిన్ వేడెక్కుతుంటే లోపం ఎక్కడుందో కనిపెట్టడం ఎలా

కారు వేడెక్కుతోందని షెడ్డుకు తీసుకెళ్లినప్పుడు, పని తెలిసిన మెకానిక్ బానెట్ ఎత్తకముందే ఒక మాట అడుగుతాడు: "ఎప్పుడు హీటెక్కుతోంది సార్, ట్రాఫిక్‌లోనా, హైవే మీదా?" ఆ మాట అడగకుండానే పానా తీసి రేడియేటర్ విప్పేవాడి చేతిలో మీ డబ్బు వృథా అయ్యే అవకాశమే ఎక్కువ. ఈ వ్యాసంలో ఆ ప్రశ్నతోనే మొదలుపెట్టి, ఇంటి ముందు బండి నిలిపి మీ అంతట మీరు చేసుకోగల పరీక్షలను, తేలికైన వాటి నుంచి కష్టమైన వాటి దాకా, వరుసగా చెబుతాను. వరుస తప్పించి మధ్యలో ఒక భాగాన్ని మార్చేస్తే, లోపం పోయిందో, తాత్కాలికంగా దాగిందో మీకు తెలియదు.

ముందుగా లోపల జరిగేది క్లుప్తంగా తెలుసుకోవాలి. ఇంజిన్‌లో మండిన ఇంధనం ఇచ్చే శక్తిలో సుమారు మూడో వంతు వేడిగా మారి, ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవమైన కూలెంట్‌లోకి చేరుతుంది. మన మెకానిక్‌లు వాటర్ బాడీ అని పిలిచే పంపు ఆ కూలెంట్‌ను రేడియేటర్‌లోకి తోస్తుంది, అక్కడ గాలి ఆ వేడిని తీసుకుపోతుంది. ఇంజిన్ చల్లగా ఉన్నంతసేపు రేడియేటర్ దారిని థర్మోస్టాట్ వాల్వ్ మూసి ఉంచి, 82 నుంచి 88 డిగ్రీల మధ్య తెరవడం మొదలుపెడుతుంది. రేడియేటర్ మూత లోపలి ఒత్తిడిని నిలబెడుతుంది కాబట్టి, 100 డిగ్రీలు దాటినా కూలెంట్ మరగదు. అంటే బండి వేడెక్కడానికి కారణాలు లెక్కకు కొన్నే: కూలెంట్ తగ్గి ఉండాలి, లేదా అది తిరగకపోవాలి, లేదా దానికి గాలి తగలకపోవాలి, లేదా ఒత్తిడి నిలవకపోవాలి, లేదా మండిన వాయువు హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పైభాగమైన హెడ్‌కూ, కింది బ్లాకుకూ మధ్య సీలులా ఉండే పలక) దాటి కూలెంట్‌లోకి చొరబడుతూ ఉండాలి. మిగిలినవన్నీ అరుదు.

రోడ్డు మీద ఉన్నప్పుడు

ఉష్ణోగ్రత ముల్లు మామూలుగా నిలిచే చోటు దాటి పైకి పోతోందని గమనించిన వెంటనే ఏసీ ఆపేయండి. అద్దాలు దించి, హీటరును పూర్తి వేడికి తిప్పి, బ్లోవర్‌ను గరిష్ఠానికి పెట్టండి. మే నెల మధ్యాహ్నం ఇది శిక్షలా అనిపిస్తుంది గాని, డ్యాష్‌బోర్డు వెనక ఉండే హీటరు కూడా ఒక చిన్న రేడియేటరే, అది ఇంజిన్ వేడిని కొంత లాగేస్తుంది. ముల్లు దిగడం మొదలుపెడితే నెమ్మదిగా నడుపుకుంటూ నీడ ఉన్న చోటికి చేరవచ్చు. ముల్లు ఎర్ర గీతను తాకినా, ఎర్ర దీపం వెలిగినా, బానెట్ అంచుల నుంచి ఆవిరి వస్తున్నా, ముందు ఊళ్లో మెకానిక్ దొరుకుతాడని ఆశపడకుండా అక్కడికక్కడే పక్కకు తీసి ఇంజిన్ ఆపాలి. అల్యూమినియం హెడ్ వంగిపోవడానికి కొద్ది నిమిషాల అతివేడి చాలు. అలా వంగితే హెడ్ విప్పి లేత్ మీద చదును చేయించి, కొత్త గ్యాస్కెట్ వేసి బిగించేదాకా బండి కదలదు.

ఈ మధ్య వచ్చిన చాలా చిన్న కార్లలో ముల్లు ఉండదు, ఇంజిన్ చల్లగా ఉంటే నీలి దీపం, మితిమీరి వేడెక్కితే ఎర్ర దీపం వెలుగుతాయి. ఎర్ర దీపం వెలిగేసరికి ఆలస్యం అయిపోయి ఉంటుంది కనుక, అంతకన్నా ముందే కనిపించే ఒక గుర్తును పట్టుకోండి: ఏసీ ఉన్నట్టుండి చల్లదనం తగ్గి, కాసేపటికి తిరిగి వస్తూ ఉంటే, ఇంజిన్ వేడిని చూసి కంప్యూటరే కంప్రెసర్‌ను ఆపుతూ ఉండవచ్చు. గ్యాస్ అయిపోయిందనుకుని ఏసీ షాపుకు వెళ్లే ముందు కూలెంట్ చూసుకోవాలి. దీనికి తోడు మరొక ప్రమాదం ఉంది. కూలెంట్ మొత్తం కారిపోయినప్పుడు సెన్సార్ ఖాళీ గాలిలో మిగులుతుంది, అప్పుడు ముల్లు పైకి పోవడానికి బదులు కిందికి పడిపోవచ్చు. వేడెక్కిన బండి ముల్లు హఠాత్తుగా దిగితే సంతోషించకండి, వెంటనే ఆపండి.

ఆపిన తర్వాత కనీసం 30 నిమిషాలు, వీలైతే గంట, రేడియేటర్ మూత జోలికి పోకూడదు. ఒత్తిడి కింద ద్రవంగా నిలిచిన కూలెంట్, మూత తిప్పగానే ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదికి చిమ్ముతుంది. మందమైన గుడ్డ మడతలోంచి రేడియేటర్ పై హోసు పైపును నొక్కి చూడండి, అది ఇంకా ఉబ్బి గట్టిగా ఉంటే లోపల ఒత్తిడి ఉన్నట్టే. అలాగే కాగుతున్న ఇంజిన్‌లో చన్నీళ్లు పోయకూడదు, హెడ్డో బ్లాకో చీలవచ్చు. అలిపిరి నుంచి తిరుమల ఎక్కే దారిలో బానెట్ ఎత్తి, సీసాతో తాగే నీళ్లు గబగబా పోస్తున్నవారిని చూసినప్పుడల్లా నాకు ఆ మాటే గుర్తొస్తుంది.

ఎప్పుడు వేడెక్కుతోంది

ఇక అసలు ప్రశ్న. రెండు మూడు రోజులు గమనించి, జవాబును కాగితం మీద రాసుకోండి.

ట్రాఫిక్‌లో నిలిచినప్పుడు ముల్లు లేచి, రోడ్డు ఖాళీ అయి వేగం అందుకోగానే దిగిపోతుంటే, కూలెంట్ బాగానే తిరుగుతోందని, నిలిచినప్పుడు గాలి మాత్రమే అందడం లేదని అర్థం. ఫ్యాన్‌ను అనుమానించండి. దీనికి తలకిందులుగా, ఊళ్లో బాగానే ఉండి హైవే మీద 80, 90 కిలోమీటర్ల వేగంలోనో, ఘాట్ ఎక్కేటప్పుడో వేడెక్కుతుంటే, ఎదురుగాలి పుష్కలంగా ఉన్నా వేడి దిగడం లేదన్నమాట. అప్పుడు రేడియేటర్ లోపల పూడిక, వాటర్ బాడీ, కూలెంట్ తక్కువ కావడం అనుమానించదగినవి. ఉదయం స్టార్ట్ చేసిన ఐదు, పది నిమిషాల్లోనే ముల్లు ఎర్ర గీత వైపు పరుగెడితే, థర్మోస్టాట్ మూసుకుని బిగుసుకుపోయి ఉండవచ్చు, లేదా కూలెంట్ దాదాపు ఖాళీ అయి ఉండవచ్చు. ఏ పద్ధతీ లేకుండా ముల్లు ఒకసారి లేచి ఒకసారి దిగుతూ, హీటరు గాలి ఒకసారి వేడిగా, ఒకసారి చల్లగా వస్తుంటే, వ్యవస్థలో గాలి బుడగ చిక్కుకుని ఉంటుంది. ఆ గాలి ఎక్కడిదో తర్వాత తేల్చాలి.

తెల్లవారి చేయవలసిన పరీక్ష

రాత్రంతా నిలిపిన బండిని స్టార్ట్ చేయకుండానే రేడియేటర్ మూత తీయండి. కూలెంట్ మెడ అంచు దాకా కనిపించాలి. పొంగిన కూలెంట్ చేరే ప్లాస్టిక్ డబ్బాలో మట్టం చూసి సరిపెట్టుకోవద్దు, డబ్బా నిండుగా ఉండి రేడియేటర్ ఖాళీగా ఉండటం నేను కళ్లారా చూసిన విషయం. కొన్ని కార్లలో రేడియేటర్‌కు మూతే ఉండదు, ఒత్తిడి మూత డబ్బాకే ఉంటుంది. అలాంటి వాటిలో డబ్బా మీది గీతలే ప్రమాణం.

ఆ అనుభవం ఇది. పదేళ్లు దాటిన మా పెట్రోలు కారు ఒక ఎండాకాలం దూరప్రయాణాల్లో వేడెక్కడం మొదలుపెట్టింది. ఒక షెడ్డులో థర్మోస్టాట్ మార్చారు, తర్వాత వాటర్ బాడీ మార్చారు, ఆ తర్వాత రేడియేటర్ మార్చాలన్నారు. రేడియేటర్ కొనే ముందు రోజు తెల్లవారి బానెట్ ఎత్తి చూస్తే, పై హోసు పైపు లోపలికి పీక్కుపోయిన దవడలా అణిగిపోయి ఉంది. డబ్బాలో కూలెంట్ గరిష్ఠ గీతను దాటింది. మూత తీయగానే చిన్న శబ్దంతో గాలి లోపలికి పోయింది, పైపు తిరిగి ఉబ్బింది, మెడలోకి వేలు పెడితే రెండు కణుపుల దాకా తడి తగల్లేదు. మూత అడుగున మధ్యలో నాణెమంత చిన్న కవాటం ఉంటుంది. ఇంజిన్ చల్లారి కూలెంట్ కుంచించుకుపోయినప్పుడు అది తెరుచుకుని, డబ్బాలోని కూలెంట్‌ను వెనక్కి రానివ్వాలి. అది తుప్పుతో అతుక్కుపోయింది కాబట్టి బయటికి పోయింది బయటే ఉండిపోతోంది. కొత్త మూతకు మూడు వందల రూపాయలు కూడా కాలేదు.

కనుక మూతను తీసినప్పుడే పరీక్షించండి. అడుగున రబ్బరు చీలిందా, గట్టిపడిందా, మధ్య కవాటాన్ని గోటితో లాగితే వచ్చి వదిలితే మూసుకుంటోందా చూడాలి. మూత మీద 0.9, 1.1 లాంటి అచ్చు ఉంటుంది. అది ఎంత ఒత్తిడి దగ్గర తెరుచుకోవాలో చెప్పే అంకె. 0.9 బార్ ఒత్తిడిలో మామూలు నీళ్లు కూడా సుమారు 118 డిగ్రీల దాకా మరగవు. స్ప్రింగు అలసిపోయిన మూత ఆ ఒత్తిడిని నిలపదు, అప్పుడు ఇంజిన్‌లో వేరే లోపం లేకపోయినా కూలెంట్ మరిగి డబ్బా దారిన పొంగిపోతుంది. మార్చేటప్పుడు అదే అంకె ఉన్నది వేయాలి. ఎక్కువ అంకె మంచిదనుకుని వేస్తే పాత హోసులు పగులుతాయి.

కారుతోందా

మట్టం తగ్గుతోందంటే అది ఎటో పోతోంది. రాత్రి కారు కింద ఒక పెద్ద అట్టముక్క పరిచి, ముందు చక్రాల స్థానాలను పెన్నుతో గుర్తు పెట్టండి. ఉదయం చుక్క ఏ గుర్తుకు దగ్గరగా పడిందో చూస్తే వెతకవలసిన చోటు సగం తెలిసిపోతుంది. ఏసీ నుంచి కారే నీటికి రంగూ జిడ్డూ ఉండవు, కూలెంట్ వేళ్ల మధ్య జారుతుంది, తియ్యటి వాసన వేస్తుంది. రుచి చూడవద్దు, అది విషం. కారిన చోట కడగకుండా వదిలితే వీధి కుక్కలు ఆ తీపికి నాకి చచ్చిపోతాయి కాబట్టి, నేల మీద పడిన చుక్కలను కూడా నీళ్లతో కడిగేయండి.

హోసు క్లిప్పుల దగ్గర, రేడియేటర్ ప్లాస్టిక్ ట్యాంకుకూ అల్యూమినియానికీ మధ్య అతుకు దగ్గర, వాటర్ బాడీ కింద ఉండే చిన్న రంధ్రం దగ్గర తెల్లగా గానీ, ఆకుపచ్చగా గానీ ఎండిన చారలు కనిపిస్తే అక్కడ కారుతున్నట్టే. వాటర్ బాడీ రంధ్రం నుంచి చారలు ఉంటే లోపలి సీలు పోయిందని అర్థం, దానికి మార్పిడి తప్ప మరమ్మతు లేదు. బయట ఎక్కడా తడి లేకపోతే ముందు సీటు కింది కార్పెట్ ఎత్తి చూడండి. అది తడిసి, క్యాబిన్‌లో తియ్యటి వాసన వస్తూ, ముందు అద్దం మీద జిడ్డు మంచు పడుతుంటే హీటరు కారుతోంది.

చిన్న చిల్లికి రేడియేటర్‌లో పసుపు వేయడం లారీ డ్రైవర్ల పాత చిట్కా. నడిరోడ్డు మీద అది కాసేపు ఆపుతుంది కూడా. కానీ ఆ ముద్ద సన్నటి గొట్టాల్లో, హీటరులో పేరుకుపోతుంది గనుక, ఇల్లు చేరాక వ్యవస్థ మొత్తం కడిగించుకోక తప్పదు.

ఫ్యాన్, గాలి

ఇంజిన్ స్టార్ట్ చేసి ఏసీ వేయండి. చాలా కార్లలో రేడియేటర్ ఫ్యాన్ వెంటనే గానీ, కొద్ది క్షణాల్లో గానీ తిరగాలి. తిరగకపోతే ముందు ఫ్యూజు, తర్వాత రిలే (ఫ్యాన్‌కు కరెంటు కలిపే చిన్న స్విచ్చు) చూడాలి. అదే రకం రిలే హారన్‌కో మరొక దానికో ఉంటే, తాత్కాలికంగా దాన్ని ఇక్కడ పెట్టి చూడవచ్చు. అప్పటికీ తిరగకపోతే ఫ్యాన్ ప్లగ్గు ఊడదీసి, బ్యాటరీ నుంచి నేరుగా రెండు వైర్లతో కరెంటు ఇవ్వండి. తిరిగితే మోటారు మంచిదే, లోపం సెన్సార్‌లోనో వైరింగులోనో ఉంది. తిరగకపోయినా, నిదానంగా తిరుగుతూ గురగురమన్నా మోటారే పోయింది. తాళంచెవి తీసేశాక కూడా కొన్ని బండ్లలో ఫ్యాన్ తనంతట తానే మొదలవుతుంది కాబట్టి, ప్లగ్గు ఊడదీయకుండా రెక్కల మధ్య చెయ్యి పెట్టకండి.

ఫ్యాన్ తిరుగుతున్నంత మాత్రాన సరిపోదు. ఒక వార్తాపత్రిక కాగితాన్ని బండి ముందు జాలీకి దగ్గరగా పట్టుకోండి, అది లోపలికి అతుక్కోవాలి. కాగితం బయటికి తోసుకొస్తుంటే, ఎవరో మోటారు బాగు చేసినప్పుడు వైర్లు తారుమారు చేశారు.

అలాగే రేడియేటర్ ముందు, దానిలాగే ఉండి ఏసీ వేడిని బయటికి వదిలే కండెన్సర్ ఉంటుంది, ఆ రెండింటి మధ్య సందులో ధూళి, పురుగులు, దూది లాంటి చెత్త పేరుకుని దుప్పటిలా తయారవుతుంది. బయటి నుంచి చూస్తే శుభ్రంగానే కనిపిస్తుంది. టార్చి వేసి సందులోకి చూడాలి. కడిగేటప్పుడు మామూలు పైపు ధారతో, ఇంజిన్ వైపు నుంచి ముందుకు కడగండి. వాటర్ సర్వీసింగులో వాడే ప్రెషర్ గన్ దగ్గరగా పెడితే సన్నటి రెక్కలు వంగి, గాలి దారి ఇంకా మూసుకుపోతుంది.

థర్మోస్టాట్, పంపు, లోపలి పూడిక

చల్లని ఇంజిన్‌ను స్టార్ట్ చేసి, రేడియేటర్‌కు వచ్చే పై, కింది హోసులను అప్పుడప్పుడు జాగ్రత్తగా తాకి చూడండి. కొద్ది నిమిషాల తర్వాత పై హోసు ఉన్నట్టుండి వేడెక్కాలి, ఆ తర్వాత కాసేపటికి కింది హోసు గోరువెచ్చన కావాలి. ముల్లు పైకి పోతున్నా రేడియేటర్ వైపు చల్లగానే ఉంటే థర్మోస్టాట్ తెరవడం లేదు. దాన్ని విప్పి నిర్ధారించుకోవడం కష్టమేమీ కాదు. వంటకు వాడని పాత గిన్నెలో నీళ్లు పోసి, వాల్వ్‌ను దారంతో కట్టి, అడుగుకు తగలకుండా వేలాడదీసి, థర్మామీటర్ పెట్టి స్టవ్ వెలిగించండి. వాల్వ్ మీద 82 అని ఉంటే ఆ వేడి దగ్గర సన్నటి సందు మొదలై, నీళ్లు మరిగేలోపు పూర్తిగా తెరుచుకోవాలి.

ఇక్కడ షెడ్డుల్లో తరచుగా వినిపించే సలహా ఒకటుంది: "మన ఎండలకు ఈ వాల్వ్ ఎందుకు సార్, తీసేద్దాం." ఒప్పుకోవద్దు. వాల్వ్ లేకపోతే ఇంజిన్ తగిన వేడికి రావడానికి చాలాసేపు పడుతుంది, కంప్యూటర్ ఇంకా చల్లగా ఉందనుకుని ఎక్కువ పెట్రోలు పోస్తుంది. అంతకంటే ముఖ్యంగా, కొన్ని ఇంజిన్లలో తెరుచుకున్న వాల్వే అడ్డదారిని మూయాలి. అది లేకపోతే కూలెంట్‌లో కొంత రేడియేటర్‌కు వెళ్లకుండానే వెనక్కి తిరుగుతుంది, దాంతో బండి మునుపటికన్నా ఎక్కువ వేడెక్కుతుంది.

వాటర్ బాడీని బయటి బెల్టు తిప్పే బండ్లలో ముందు బెల్టు బిగువు చూడాలి. ఇంజిన్ లోపలి కవాటాలను నడిపే టైమింగ్ బెల్టే దాన్ని తిప్పే బండ్లలో కవరు విప్పనిదే కనిపించదు కనుక, ఆ బెల్టు మార్చేటప్పుడే పంపు కూడా మార్చించుకోవడం ఖర్చు తగ్గించే పద్ధతి. రేడియేటర్ లోపలి పూడికకు తేలికైన పరీక్ష ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో చేయవచ్చు: వేడెక్కిన ఇంజిన్‌ను నడుస్తుండగా ఉంచి రేడియేటర్ ముఖం మీద అక్కడక్కడ కొలిస్తే, కూలెంట్ లోపలికి వచ్చే వైపు నుంచి బయటికి పోయే వైపు వరకు వేడి క్రమంగా తగ్గాలి, మధ్యలో ఒక భాగం మాత్రం చల్లగా ఉంటే అక్కడ గొట్టాలు మూసుకుపోయాయి. ఇంజిన్‌ను రేసు చేసినప్పుడు కింది హోసు అణిగిపోతుంటే అది కూడా పూడికకు గుర్తు.

ఈ పూడికకు ముఖ్య కారణం బోరు నీళ్లు. ఏళ్ల తరబడి మట్టం తగ్గినప్పుడల్లా బోరు నీళ్లు పోస్తే, బిందెల అడుగున పట్టే తెల్లటి పొరే రేడియేటర్ గొట్టాల్లోనూ పడుతుంది, కూలెంట్‌లోని తుప్పు నిరోధకాలు పలచబడతాయి. డిస్టిల్డ్ వాటర్‌తో సమపాళ్లలో కలిపిన కూలెంట్ వాడండి, కొన్నప్పుడే కలిపి ఉన్న రకమైతే మళ్లీ నీళ్లు కలపకండి. రంగును బట్టి రకాన్ని నిర్ణయించవద్దు, ఒక్కో కంపెనీ ఒక్కో రంగు వేస్తుంది, సరిపడని రెండు రకాలు కలిస్తే కొన్నిసార్లు జిగురుగా గడ్డకడతాయి. మాన్యువల్‌లో ఉన్న రకమే సరైనది.

హెడ్ గ్యాస్కెట్

పైవన్నీ బాగున్నా కూలెంట్ తగ్గుతూనే ఉంటే ఈ అనుమానానికి రావాలి, అంతకు ముందు కాదు. చల్లని ఇంజిన్ స్టార్ట్ చేసిన ఒకటి రెండు నిమిషాల్లోనే, కూలెంట్ ఇంకా వేడెక్కకముందే, పై హోసు రాయిలా గట్టిపడుతోందా చూడండి. చల్లగా ఉన్నప్పుడు మూత తీసి స్టార్ట్ చేస్తే, మొదట్లో వచ్చే నాలుగు బుడగలు పట్టించుకోనక్కర్లేదు గాని, ఆగకుండా వస్తూనే ఉంటే మండిన వాయువు లోపలికి వస్తోంది. ఆయిల్ మూత అడుగున గానీ, ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ మీద గానీ పాల మీగడలాంటి పదార్థం ఉంటే ఆయిల్లో నీళ్లు కలిశాయి. అయితే చలికాలంలో తక్కువ దూరాలు తిరిగే బండ్లలో మూతకు మాత్రమే కొద్దిగా అలాంటి తేమ పట్టడం మామూలే కాబట్టి డిప్‌స్టిక్ మాటే నమ్మండి. ఇంజిన్ వేడెక్కిన తర్వాత కూడా సైలెన్సర్ నుంచి తియ్యటి వాసనతో దట్టమైన తెల్ల పొగ రావడం మరో సాక్ష్యం. నిర్ధారణకు షెడ్డులో రసాయన పరీక్ష అడగండి: రేడియేటర్ మెడ మీద పెట్టే గొట్టంలోని నీలి ద్రవం, మండిన వాయువు తగిలితే పెట్రోలు బండికి పసుపు రంగుకు మారుతుంది. ఈ పరీక్ష చేయకుండా హెడ్ దింపుతామంటే మరో షెడ్డు చూసుకోవడం మంచిది. దింపాక మాత్రం హెడ్ వంపు కొలిపించనిదే కొత్త గ్యాస్కెట్ వేయించకండి.

బ్రేకు పట్టేసి ఉండటం, సైలెన్సర్ దారిలో పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ మూసుకుపోవడం, ఇంజిన్ ఆయిల్ బాగా తగ్గిపోవడం వంటివి కూడా వేడిని పెంచుతాయి. బండి బరువుగా లాగుతోందనిపిస్తే వీటిని చూడాలి.

తిరిగి నింపడం

ఏ భాగం మార్చినా కూలెంట్ నింపేటప్పుడు గాలి మిగలనివ్వకూడదు. బండి ముందు భాగం కాస్త ఎత్తులో ఉండేలా నిలిపి, హీటరును పూర్తి వేడికి తిప్పి, నెమ్మదిగా పోయండి. గాలి వదిలే స్క్రూ ఉంటే అది తెరిచి, బుడగలు లేని ధార వచ్చాక మూయండి. తర్వాత మూత తీసే ఉంచి ఇంజిన్‌ను ఐడిల్‌లో నడపండి. థర్మోస్టాట్ తెరుచుకోగానే మట్టం ఒక్కసారిగా దిగుతుంది, అప్పుడు మళ్లీ నింపి మూత బిగించాలి. ఫ్యాన్ తనంతట తాను కనీసం రెండుసార్లు తిరిగి ఆగేదాకా బండి దగ్గరే నిలబడండి. డబ్బా మీద ఆనాటి మట్టం దగ్గర ఒక టేపు ముక్క అంటించి, వరసగా మూడు రోజులు, ఉదయం స్టార్ట్ చేయకముందే, ఆ టేపుతో పోల్చి చూసుకోండి. మొదటి రోజు చిక్కుకున్న గాలి బయటపడి కొద్దిగా తగ్గవచ్చు. మూడో రోజు కూడా తగ్గితే, అట్టముక్క మళ్లీ కారు కింద పరవాలి.